పసిబిడ్డని ఇంటికెళ్లి చూసేవాళ్లు ఏమేం చూడాలంటే

ఆసుపత్రి దూరంగా ఉన్న ఊళ్లలో పసిబిడ్డల్ని కాపాడాలంటే పెద్ద మెషిన్లు ఉండాల్సిందే అనుకుంటాం గానీ, మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ వాళ్ల టీమ్ 1990ల్లో ఊళ్లో ఆడవాళ్లకే ట్రైనింగ్ ఇచ్చి ఇంటింటికీ పంపితే నెలలోపు పిల్లల చావులు సగానికి పైగా తగ్గాయి. కాబట్టి ఈ పని మన చేతుల్లో ఉన్నదే, కాకపోతే టైముకి వెళ్లాలి. పుట్టిన 24 గంటల్లోపు ఒకసారి, 3వ రోజు, 7వ రోజు, ఇవి అస్సలు తప్పకూడదు. బిడ్డ చిన్నగా పుడితే ఇంకా ఎక్కువసార్లు వెళ్లండి.

వెళ్లగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, కానీ బిడ్డని వెంటనే ఎత్తుకోవద్దు. నిద్రపోతుంటే అదే మంచి టైము, చొక్కా పైకి జరిపి పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషమంతా లెక్కపెట్టండి. అర నిమిషం చూసి రెండింతలు చేస్తే కుదరదు, ఎందుకంటే పసిబిడ్డ ఊపిరి ఒకే తీరుగా ఉండదు, కాసేపు గబగబా తీసి కొన్ని సెకన్లు ఆగుతుంది. 60 లేదా పైన వస్తే ఇంకోసారి లెక్కపెట్టండి, మళ్లీ అంతే వస్తే ఆసుపత్రికే.

తర్వాత చంకలో థర్మామీటర్, 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అది లేకపోతే పొట్ట, పాదాలు ముట్టుకుని చూడండి, పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డకి చలేస్తున్నట్టు, రెండూ చల్లబడితే ప్రమాదం. వెంటనే బట్టలు తీసి, టోపీ, లంగోటీ మాత్రం ఉంచి, తల్లి రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి తల ఒక పక్కకి తిప్పి గుడ్డతో కట్టండి, ముక్కు మూసుకుపోకూడదు. రెండున్నర కిలోల లోపు బిడ్డకి ఇది రోజూ ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు, తల్లి అలిసిపోతే నాన్నైనా పెట్టుకోవచ్చు.

పాలు తాగుతోందా అని అడిగి ఊరుకోవద్దు, అందరూ తాగుతోందనే అంటారు, కూర్చుని చూడండి. నోరు బాగా తెరిచి, గడ్డం రొమ్ముకి ఆనాలి, గుటక కనబడాలి. రోజుకి 8 నుంచి 12 సార్లు, ముర్రుపాలతో మొదలుపెట్టి ఆరు నెలల దాకా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు. బొడ్డుకి ఏమీ రాయకుండా పొడిగా ఉంచండి, మొదటి స్నానం ఒకరోజు ఆగాకే.

ఇక రేపటిదాకా ఆగకూడనివి: పాలు తాగకపోవడం, ఫిట్స్, కదిపితే తప్ప కదలకపోవడం, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోతుగా లోపలికి పోవడం, జ్వరం, 35.5 కంటే చల్లబడటం, మొదటి రోజే ఒళ్లు పసుపుపచ్చగా మారడం (కామెర్లు), ఎప్పుడైనా అరచేతులు అరికాళ్లు పచ్చబడటం. ఏ బండిలో వెళ్లాలో, డబ్బు ఎవరి దగ్గరుందో కాన్పుకి ముందే ఆ ఇంట్లో మాట్లాడి పెట్టండి. దారిలో బిడ్డ తల్లి గుండెకి ఆనుకునే ఉండాలి, తాగగలిగితే పాలు పడుతూనే ఉండాలి, ఊపిరి లెక్క, టెంపరేచర్, చివరిసారి ఎప్పుడు తాగిందో కాగితం మీద రాసి ఇవ్వండి.