కమ్యూనిటీ కాలేజీ జట్టులో చేరే ముందు ఏమేం చూడాలి

అమెరికాలో హైస్కూలు చదువు ముగుస్తున్నా ఆటను వదులుకోవడానికి మనసొప్పక, నాలుగేళ్ల యూనివర్సిటీ నుంచి ఆశించిన పిలుపు రాక, రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ వైపు చూస్తున్న విద్యార్థుల కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ దారిని చిన్నచూపు చూడవలసిన అవసరం లేదు. బేస్‌బాల్ దిగ్గజం జాకీ రాబిన్సన్ పాసడీనా జూనియర్ కాలేజీలో (కమ్యూనిటీ కాలేజీకే అది మరో పేరు) ఆడిన తర్వాతే యూసీఎల్‌ఏ యూనివర్సిటీకి వెళ్లాడు. బాస్కెట్‌బాల్ ఆటగాడు జిమ్మీ బట్లర్ టెక్సస్‌లోని టైలర్ జూనియర్ కాలేజీ నుంచి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆరన్ రోజర్స్ కాలిఫోర్నియాలోని బ్యూట్ కాలేజీ నుంచి పైకొచ్చారు. అయితే ఇలాంటి పేర్లు దాదాపు ప్రతి కోచ్ నోటా వినిపిస్తాయి. దారి ఉందని చెప్పడానికి అవి చాలు. మీరు చేరబోయే కాలేజీ మిమ్మల్ని ఆ దారిలో నడిపిస్తుందో లేదో మాత్రం మీరే తేల్చుకోవాలి. కమ్యూనిటీ కాలేజీ రెండేళ్ల మజిలీ కాబట్టి, అక్కడ రెండేళ్లు ఆడి బయటికి వెళ్లినవారు ఎక్కడ తేలారన్నదే ఆ క్రీడా విభాగానికి అసలైన కొలమానమని నా అభిప్రాయం.

దాన్ని కొలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చాలా కాలేజీల క్రీడా వెబ్‌సైట్లలో పాత సంవత్సరాల జట్ల జాబితాలు, అంటే రోస్టర్లు, అలాగే ఉంటాయి. మూడేళ్ల కిందటి జాబితాను, ఆ మరుసటి ఏడాది జాబితాను ప్రింటు తీసి పక్కపక్కన పెట్టండి. మొదటి జాబితాలో ఫస్ట్ ఇయర్ అని ఉన్నవారిలో ఎంతమంది రెండో జాబితాలో మిగిలారో లెక్కపెట్టండి. రెండో ఏడాది పూర్తిచేసినవారి పేర్లను ఒక్కొక్కటిగా వెతికి, వారు తర్వాత ఏ యూనివర్సిటీ జట్టులో కనిపించారో, కనిపించినవారు నిజంగా మ్యాచుల్లో ఆడారో లేదో ఆ పేరు ఎదురుగా రాసుకోండి. మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ కోసం కాలేజీలు చూస్తున్న రోజుల్లో ఒక కాలేజీ విషయంలో ఇదే పని చేశాం. డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరిచి ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టుకుంటూ పోతే, 22 మందిలో 14 మంది మరుసటి ఏడాదికి లేరు. పై చదువుకు వెళ్లి అక్కడి జట్లలో ఆడినవారు ముగ్గురే తేలారు. కోచ్ మాకు ఇచ్చిన కరపత్రంలో ఉన్నవి ఆ ముగ్గురి ఫొటోలే. ఆయన అబద్ధం చెప్పారనను, కాని మిగిలిన 19 మంది గురించి అడగాలని ఆ కాగితాలు చూసేదాకా మాకు తోచలేదు.

ఈ లెక్కను గుడ్డిగా చదవకూడదు. మొదటి ఏడాది తర్వాత వెళ్లిపోయిన ప్రతివారూ నిరాశతోనే వెళ్లారని అనుకోవడానికి లేదు. రోజర్స్ కూడా బ్యూట్‌లో ఒక్క సీజన్ ఆడి బర్క్‌లీ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఆటగాళ్లు ఎదుగుతూ ముందే వెళ్తున్నారా, లేక ఆడే అవకాశం రాక, మార్కులు తగ్గి, డబ్బు చాలక జారిపోతున్నారా అన్నది ఆ పేర్ల వెంట వెళ్తేనే తెలుస్తుంది. జట్టు పరిమాణం కూడా చాలా చెబుతుంది. బేస్‌బాల్‌లో ఒకేసారి మైదానంలో ఉండేది 9 మంది. పిచ్చర్లు ఎక్కువమంది కావాలన్నది నిజమే గాని, జాబితాలో 50 మంది ఉన్నారంటే, అందులో కొందరిని ఆట కోసం కాక అడ్మిషన్ల సంఖ్య కోసం చేర్చుకున్నారేమోనని అడగడంలో తప్పు లేదు. మైదానంలో మీరు ఆడే స్థానానికి ఇప్పుడు ఎందరున్నారు, ఈ ఏడాది ఇంకెందరిని తీసుకుంటున్నారు అని కోచ్‌ను సూటిగా అడగండి.

దీని తర్వాత చూడవలసింది, నా దృష్టిలో అందరూ ఆఖరున చూసేది, చదువు. నాలుగేళ్ల యూనివర్సిటీలలో ఆటకు అర్హతను నిర్ణయించే సంఘం ఎన్‌సీఏఏ, తన పై స్థాయి అయిన డివిజన్ 1కు కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చేవారికి ట్రాన్స్‌ఫర్ అయ్యే కోర్సుల్లో 2.5 జీపీఏ, అంటే మార్కుల సగటు, అడుగుతుంది. ఆ లెక్కలోకి వ్యాయామ విద్య క్రెడిట్లు (కోర్సులను లెక్కకట్టే యూనిట్లు) 2కు మించి రావు. జట్టు సభ్యులను వెయిట్ ట్రైనింగ్, కండిషనింగ్ వంటి తరగతుల్లో చేర్పించి పూర్తికాలపు చదువుకు కావలసిన పన్నెండు క్రెడిట్లు నింపే అలవాటు ఉన్నచోట, కాగితం మీద మంచి మార్కులున్న విద్యార్థి కూడా చివరకు గుమ్మం దగ్గరే ఆగిపోవచ్చు. ఇంకో నిబంధన ఇంతకంటే గట్టిది: డివిజన్ 1లో మూడో ఏడాది మొదలయ్యేనాటికి విద్యార్థి తాను ఎంచుకున్న డిగ్రీలో 40 శాతం పూర్తిచేసి ఉండాలి. 120 క్రెడిట్ల డిగ్రీకి అది 48 క్రెడిట్లు. రెండేళ్లలో 60 క్రెడిట్లు చదివినవాడికి అదేమంత కష్టమనిపించదు. కాని వాటిలో 15 క్రెడిట్లు ఆ డిగ్రీకి పనికిరానివైతే మిగిలేది 45, అంటే ఒక్క కోర్సు తేడాతో సీజన్ పోయినట్టే. ఇంజినీరింగ్ వంటి కోర్సులు కోరుకునేవారు ఈ గండంలో తరచుగా పడతారు.

అందుకని కాలేజీకి వెళ్లినప్పుడు కోచ్‌తో పాటు అకడమిక్ కౌన్సెలర్‌ను కూడా కలవండి. ఆటగాళ్ల కోసమే ఒక కౌన్సెలర్ ఉన్నారా, ఒక్కొక్కరి కింద ఎంతమంది విద్యార్థులున్నారు, ఫలానా యూనివర్సిటీలో ఫలానా డిగ్రీకి వెళ్లాలంటే రెండేళ్ల కోర్సుల పట్టిక ఇవ్వగలరా అని అడగండి. కాలిఫోర్నియాలో ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. టెక్సస్‌లో ప్రభుత్వ కాలేజీలన్నిటికీ 42 క్రెడిట్ల ఉమ్మడి కోర్ ఉంది. ఫ్లోరిడాలో కోర్సు నంబర్లే రాష్ట్రమంతటా ఒకటిగా ఉంటాయి. ఈ ఏర్పాట్ల గురించి కౌన్సెలర్ గడగడా చెప్పగలిగితే అది మంచి సూచన. ఇంకో చిన్న పని చేయండి: ఆ సీజన్ మ్యాచుల షెడ్యూలును, మీకు కావలసిన కోర్సుల టైమ్‌టేబుల్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. కెమిస్ట్రీ ల్యాబ్ మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం 1 నుంచి 4 వరకే ఉండి, బయటి ఊళ్లలో మ్యాచులకు బస్సు అవే రోజుల్లో 12 గంటలకు బయలుదేరుతుంటే, ఏదో ఒకటి వదులుకోవలసి వస్తుంది. అప్పుడు ఏది వదిలించడం కోచ్ అలవాటో, రెండో ఏడాది ఆటగాళ్లే చెబుతారు.

డబ్బు విషయానికి వస్తే, ముందుగా ఆ కాలేజీ ఏ సంఘంలో సభ్యురాలో తెలుసుకోవాలి. దేశంలో ఎక్కువ భాగం రెండేళ్ల కాలేజీలు 1938లో కాలిఫోర్నియాలో మొదలైన ఎన్‌జేసీఏఏ కింద ఆడతాయి. అందులో డివిజన్ 1 కాలేజీలు ట్యూషన్, ఫీజులు, పుస్తకాలతో పాటు వసతి, భోజనం కూడా స్కాలర్‌షిప్‌గా ఇవ్వవచ్చు, డివిజన్ 3లో క్రీడా స్కాలర్‌షిప్ ఉండదు. ఒకే కాలేజీ ఒక ఆటలో డివిజన్ 1లో, మరో ఆటలో డివిజన్ 3లో ఉండవచ్చు కాబట్టి మీ ఆటనే చూడండి. పైగా డివిజన్ చెప్పేది ఎంతవరకు ఇవ్వవచ్చునన్న హద్దు మాత్రమే, ఎంత ఇస్తారన్నది కాదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు సీసీసీఏఏ అనే వేరే సంఘంలో ఆడతాయి. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్పులు లేవు గాని, రాష్ట్ర నివాసులకు ఫీజు యూనిట్‌కు 46 డాలర్లే. తమ పరిధికి బయటి విద్యార్థిని అక్కడి కోచ్ తనంతట తాను ముందుగా సంప్రదించకూడదన్న నియమం కూడా ఉంది కాబట్టి, ఫోన్ రాలేదని నిరుత్సాహపడకుండా మీరే ముందు ఉత్తరం రాయాలి. వాషింగ్టన్, ఆరెగన్ వైపు కాలేజీలు చాలావరకు ఎన్‌డబ్ల్యూఏసీ కింద ఉంటాయి.

"ఫుల్ రైడ్", అంటే ఖర్చంతా స్కాలర్‌షిప్పే, అన్న మాట ఎవరైనా వాడితే, అందులో ఏమేం ఉన్నాయో కాగితం మీద అడగండి. జట్టులో చేరతానని సంతకం చేసే ఎన్‌జేసీఏఏ లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఒక విద్యా సంవత్సరానికే వర్తిస్తుంది. గాయపడితే ఆ డబ్బు ఉంటుందా, కోచ్ మారితే ఉంటుందా, రెండో ఏడాదికి ఎప్పుడు చెబుతారు అన్నవి సంతకానికి ముందే తేలాలి. చాలా కమ్యూనిటీ కాలేజీలకు హాస్టల్ లేదు. అలాంటిచోట ట్యూషన్ ఉచితమైనా అద్దె, భోజనం, రాకపోకల ఖర్చే అసలు బరువు అవుతుంది. అర్హత ఉన్న కుటుంబాలకు ఫెడరల్ పెల్ గ్రాంట్ 2025-26లో అత్యధికంగా 7,395 డాలర్ల వరకు వస్తుంది. హెచ్-4 (హెచ్-1బీ వారి కుటుంబ సభ్యుల వీసా), ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్న పిల్లలకు అది రాదు. ఎఫ్-1 విద్యార్థులు ఇంకొకటి గమనించాలి: పూర్తికాలపు చదువు లెక్కలోకి ఒక టర్మ్‌లో ఒక్క ఆన్‌లైన్ కోర్సే వస్తుంది. ప్రాక్టీసు వేళలకు అడ్డం రాకుండా జట్టు మొత్తాన్ని ఆన్‌లైన్ తరగతుల్లో పెట్టే పద్ధతి ఉన్న కాలేజీ వారి వీసాకే చేటు తెస్తుంది.

కాలేజీ నోటితో చెప్పనిది దాని లెక్కలు చెబుతాయి. ఫెడరల్ విద్యార్థి సహాయం పొందే, జట్లు నడిపే ప్రతి కాలేజీ 1994 నాటి చట్టం ప్రకారం ఏటా అక్టోబరు 15 లోగా తన క్రీడా విభాగం లెక్కలు బయటపెట్టాలి. ఈక్విటీ ఇన్ అథ్లెటిక్స్ పేరుతో విద్యాశాఖ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు కొడితే అవి ఎవరికైనా దొరుకుతాయి. మీ ఆటలో ఎంతమంది పాల్గొంటున్నారు, నిర్వహణ ఖర్చు ఎంత, హెడ్ కోచ్ పూర్తికాలపు ఉద్యోగా, పార్ట్‌టైమ్ ఉద్యోగా, అమ్మాయిల జట్లకూ అబ్బాయిల జట్లకూ ఖర్చులో తేడా ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఖర్చును ఆటగాళ్ల సంఖ్యతో భాగిస్తే, పక్క కాలేజీతో పోల్చుకోవడానికి ఒక అంకె చేతికొస్తుంది. పార్ట్‌టైమ్ కోచ్ అయినంత మాత్రాన చెడ్డవాడని కాదు. పగలు వేరే ఉద్యోగం చేస్తూ సాయంత్రం ప్రాణం పెట్టి నేర్పేవారిని నేను చూశాను. కాని మీ తరఫున యూనివర్సిటీ కోచ్‌లకు ఫోన్లు చేయడానికి, వీడియోలు పంపడానికి ఆయనకు తీరిక ఎక్కడిదో అడగాలి.

కొత్త జిమ్, మెరిసే స్కోర్‌బోర్డు ఒక్క చూపులో చూసి వదిలేయండి. అంతకంటే, గాయాల సంగతి చూసే అథ్లెటిక్ ట్రైనర్ గది దగ్గర పది నిమిషాలు నిలబడండి. ప్రాక్టీసుకు అరగంట ముందు ఆ గది ఎలా ఉందో చూస్తే చాలు: మడమకు టేపు వేయించుకోవడానికి ఏడుగురు వరుసలో ఉండి, అన్ని జట్లకూ కలిపి ట్రైనర్ ఒక్కరే ఉంటే, మీకు తలకు దెబ్బ తగిలిన రోజున పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించవచ్చు. బయటి మ్యాచులకు ట్రైనర్ వస్తారా, గుండె ఆగితే వాడే ఏఈడీ యంత్రం మైదానానికి ఎంత దూరంలో ఉంది, తిరిగి ఆడవచ్చునన్న నిర్ణయం ట్రైనర్‌దా, కోచ్‌దా అని అడగండి. కాలేజీ బీమా చాలాచోట్ల మీ కుటుంబ బీమా కట్టిన తర్వాత మిగిలినదానికే వర్తిస్తుంది కాబట్టి, మీ బీమా ఆ ఊళ్లో చెల్లుతుందో లేదో ముందే తెలుసుకోండి.

ఒక ఆటగాడు మొత్తం ఎన్నేళ్లు ఆడవచ్చన్న అర్హత సంవత్సరాల లెక్క కూడా ఇప్పుడు కదులుతోంది. కమ్యూనిటీ కాలేజీలో ఆడిన ఏళ్లను ఎన్‌సీఏఏ లెక్కలో కలపడంపై డియేగో పావియా అనే ఫుట్‌బాల్ ఆటగాడు వేసిన కేసులో 2024 డిసెంబరులో టెనెసీలోని ఫెడరల్ కోర్టు అతనికి అనుకూలంగా ఉత్తర్వు ఇవ్వగా, అదే స్థితిలో ఉన్న ఇతరులకు కూడా 2025-26కు ఎన్‌సీఏఏ సడలింపు ఇచ్చింది. కనుక పాత సీనియర్ల మాట మీద ఆధారపడకుండా, మీరు చేరే సంవత్సరపు నిబంధనలనే చూసుకోండి.

చివరగా, కోచ్ ఏర్పాటు చేసిన రోజున కాక మామూలు రోజున ఒకసారి ప్రాక్టీసుకు వెళ్లండి. తప్పు చేసిన ఆటగాడితో కోచ్ ఎలా మాట్లాడుతున్నారో, బెంచి మీద కూర్చున్నవారికి ఎవరైనా ఏమైనా నేర్పుతున్నారో గమనించండి. ప్రాక్టీసు అయ్యాక, కోచ్ పక్కన లేనప్పుడు, ఎక్కువ ఆడని ఒక రెండో ఏడాది విద్యార్థిని పలకరించి, "వచ్చే ఏడాది ఎక్కడికి వెళ్తున్నావు, ఆ ఏర్పాటు ఎవరు చేశారు?" అని అడగండి. కౌన్సెలర్ పేరో కోచ్ పేరో వెంటనే చెబితే, ఆ పేరు రాసుకుని మరునాడే ఆ మనిషిని కలవండి.