స్పిట్‌ఫైర్‌కి బూడిద రంగు కలుపుకోవడం

1941 ఆగస్టులో బ్రిటిష్ వాయుసేన స్పిట్‌ఫైర్ లాంటి తన ఫైటర్ విమానాల పైభాగంలో గోధుమ రంగు తీసేసి బూడిద రంగు పెట్టింది. ఓషన్ గ్రే అనే ఆ కొత్త రంగు అందేలోపు స్క్వాడ్రన్లు (విమాన దళాలు) సొంతంగా కలుపుకున్నాయి: మీడియం సీ గ్రే 7 పాళ్లు, నలుపు 1 పాలు. అప్పటి స్పిట్‌ఫైర్ ప్లాస్టిక్ మోడల్ చేస్తుంటే నా సలహా ఇదే కొలత. రెడీమేడ్ సీసాలో ఆ మజా ఉండదు.

నేను టామియా కంపెనీ ఆక్రిలిక్ రంగులు వాడతాను. సీ గ్రేకి వాళ్ల నంబరు ఎక్స్‌ఎఫ్-83, నలుపుకి ఎక్స్‌ఎఫ్-1. డ్రాపర్‌తో ముందు 28 చుక్కల గ్రే, తర్వాత 4 చుక్కల నలుపు, అదీ ఒక్కొక్కటిగా కలుపుతూ. నలుపు మహా మొండిది, ఎక్కువైతే దాన్ని సరిచేయడానికి సీసాడు గ్రే పోయాలి.

1/72 (అసలు విమానంలో 72వ వంతు) మోడల్‌కి అసలు రంగు అచ్చంగా వేస్తే ముదురుగా కనిపిస్తుంది. రెండు మూడు చుక్కల తెలుపు కలపండి. ఇక్కడ లెక్క కంటే కన్నే ముఖ్యం.

ప్రైమర్ (అడుగు పూత) కొట్టిన ప్లాస్టిక్ స్పూన్ మీద పూసి, పూర్తిగా ఆరాక పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద ఏ గ్రే అయినా బాగానే ఉంటుంది!

షేడ్ కుదిరాకే థిన్నర్ (రంగును పలచన చేసే ద్రవం) కలపాలి. ఎయిర్‌బ్రష్‌కైతే (గాలితో రంగు చిమ్మే పరికరం) రంగు పాలలా జారాలి. మొత్తం విమానానికి సరిపడా ఒకేసారి కలపండి, మళ్లీ అదే షేడ్ రావడం కష్టం. మిగిలింది ఖాళీ హోమియో సీసాలో దాస్తే టచప్‌కి పనికొస్తుంది.

రెక్కల కిందికి అదే సీ గ్రే, నలుపు కలపకుండా.