డంపింగ్ యార్డు పక్కన బోరు ఉందా? టీడీఎస్ మీటర్ మీద ఆధారపడకండి

హైదరాబాద్‌లో జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల, అంటే దమ్మాయిగూడ, మల్కారం వైపు ఉండేవాళ్ళు బోరు నీళ్ళ మీద అనుమానం రాగానే టీడీఎస్ మీటర్ కొంటారు. నేనూ కొన్నాను. కానీ నీళ్ళలో మొత్తం ఉప్పులు ఎంత ఉన్నాయో మాత్రమే అది చెబుతుంది, అవి చెత్త నుంచి వచ్చాయా, మన రాతినేలలోవా అన్నది చెప్పదు.

చెత్త గుట్టలోంచి ఊరే ముదురు గోధుమ రంగు నీరు, చిక్కటి డికాక్షన్ లాంటిది, దాన్నే లీచేట్ అంటారు. గుట్టకి పైన కప్పేస్తే వాన నీళ్ళు దిగడం తగ్గుతుంది, నిజమే, కానీ ఇప్పటికే కిందికి ఇంకింది మాయమైపోదు. పైగా మనది గ్రానైట్ నేల, నీళ్ళు రాతి పగుళ్ళ వెంట పోతాయి, అందుకే పక్కింటి బోరు బాగున్నా మీది పాడవ్వచ్చు.

ల్యాబ్‌లో అడగాల్సినవి: క్లోరైడ్, అమ్మోనియా, నైట్రేట్, సీఓడీ (నీళ్ళలో కుళ్ళే మురికి ఎంతుందో తెలిపే లెక్క), వీలైతే సీసం, ఇనుము. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు క్లోరైడ్ 250 మిల్లీగ్రాములు, నైట్రేట్ 45, అమ్మోనియా 0.5 దాటకూడదు (వేరే నీళ్ళు దొరకనప్పుడు క్లోరైడ్‌కి మాత్రం 1000 దాకా సడలింపు ఉంది). నైట్రేట్ ఒక్కటే ఎక్కువుంటే సెప్టిక్ ట్యాంకునీ అనుమానించండి. క్లోరైడ్, అమ్మోనియా, సీఓడీ మూడూ కలిసి పెరిగితే మాత్రం చెత్తని గట్టిగా అనుమానించాలి.

శాంపిల్ దగ్గరే అందరం తప్పు చేస్తాం. మొదటిసారి నేను కూల్‌డ్రింక్ సీసాలో, అదీ ఓవర్‌హెడ్ ట్యాంకు కుళాయి నుంచి పట్టుకెళ్ళా, డబ్బులు దండగ. మోటారు పది నిమిషాలు నడవనిచ్చి, బోరు పైపు దగ్గరే పట్టండి. సీసాని అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా అంచుదాకా నింపి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ఇచ్చేయండి. సీఓడీ, అమ్మోనియాకి యాసిడ్ వేసిన సీసా కావాలి, బ్యాక్టీరియాకి స్టెరిలైజ్ చేసినది కావాలి, ఈ రెండూ ల్యాబ్ వాళ్ళనే అడగండి, వీటిని మాత్రం కడగకూడదు.

ఇంకోటి, అందరూ వదిలేసేది ఇదే: యార్డుకి ఎగువన, దూరంగా ఉన్న బోరు నుంచి కూడా ఒక శాంపిల్ తీయండి. పోల్చడానికి అది లేకపోతే మీ రిపోర్టు చూసి 'ఈ నేలే అంత' అనేస్తారు. ఎండాకాలంలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి తీస్తే ఇంకా మంచిది. ప్రతి రిపోర్టు మీద తేదీ, బోరు లోతు రాయించుకోండి.

నైట్రేట్ ఎక్కువుంటే కాచి తాగితే సరిపోతుందనుకోకండి, నీళ్ళు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లల పాలపొడిలో ఆ నీళ్ళు అసలు కలపొద్దు, మున్సిపల్ నల్లా నీళ్ళో ఆర్వో నీళ్ళో వాడండి.

తర్వాత పది రూపాయల ఆర్టీఐ పెట్టండి. యార్డు సరిహద్దుకి 50 మీటర్ల లోపు భూగర్భజలాన్ని ఎండాకాలం, వానాకాలం, ఆ తర్వాత పరీక్షించాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. ఏ బోరు, ఏ తేదీ, ఏ ఫలితం అని విడివిడిగా అడగండి, 'గత ఐదేళ్ళ సమాచారం మొత్తం' అంటే ముక్కలు ముక్కలుగా ఏదో పంపి చేతులు దులుపుకుంటారు.