వదులు స్టీరింగ్ – 3వ పాఠం: రాక్ నట్టు జోలికి వెళ్లకముందే

పోయిన పాఠంలో బండిని జాకీ మీద లేపి ముందు చక్రాన్ని అటూ ఇటూ ఊపి చూడమన్నాను. చాలామంది ఊపారు. చప్పుడు రాలేదు కాబట్టి టై రాడ్ ఎండ్లు (రాక్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్ చివరి కీళ్లు) బాగున్నాయనుకుని, నేరుగా రాక్ అడ్జస్టింగ్ నట్టు (రాక్ పళ్ల దగ్గరి వదులు తగ్గించే నట్టు) బిగించేశారు. ఇప్పుడు స్టీరింగ్ గట్టిపడిందని, మలుపు తిరిగాక దానంతటది వెనక్కి రావడం లేదని అంటున్నారు. అందుకే కొత్త పాఠం ఆపి మళ్లీ ఇక్కడికే వచ్చాను. నట్టు బిగించినవాళ్లు దాన్ని పాత చోటికి తిప్పేదాకా బండిని రోడ్డెక్కించొద్దు.

రాక్ అంటే పళ్లున్న కడ్డీ, స్టీరింగ్ తిప్పితే ఇది పక్కకు జరిగి చక్రాలను తిప్పుతుంది. మారుతి 800లోనూ అంబాసిడర్‌లోనూ ఉండేది ఇదే. అనంతపురం నుంచి కర్నూలు దాకా 44వ నంబరు హైవే మీద వెళ్తే స్టీరింగ్ ఎంత తిప్పుతాం? కొంచెమే. ఏళ్ల తరబడి అలా నడిస్తే అరిగేది నడిమి పళ్లే, చివరి పళ్లు కొత్తవాటిలాగే ఉంటాయి. నడిమి వదులు పోయేదాకా నట్టు బిగిస్తే, పూర్తిగా తిప్పినప్పుడు ఆ అరగని పళ్ల దగ్గర రాక్ పట్టేస్తుంది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర బండి తిప్పి చెయ్యి సడలిస్తే చక్రాలు వంకరగానే ఉండిపోతాయి. వదులు స్టీరింగ్ కన్నా ఇది ఎక్కువ ప్రమాదం. పళ్లు అరిగిన రాక్‌ను మార్చాల్సిందే, బిగించి బాగుచేయలేం.

ఇక పరీక్ష. చక్రం గాల్లో ఉన్నప్పుడు స్టీరింగ్ ఎవరూ పట్టుకోకపోతే ఊపిన ఊపుకు రాక్ కూడా కదులుతుంది, కీలులోని వదులు అందులో కలిసిపోతుంది. కాబట్టి చక్రాలు నేల మీదే ఉంచండి. ఇంజన్ ఆపి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ తీయండి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా కదపాలి. మీరు టై రాడ్ ఎండ్ మీద వేళ్లు ఆనించండి. రాడ్ కదిలి, చక్రం వైపున్న ఆర్మ్ ఆలస్యంగా కదిలితే దోషం అక్కడే. నేను కంటి కన్నా వేళ్లనే నమ్ముతాను. తర్వాత రాక్ చివరి రబ్బరు బూటును (తొడుగును) పిసికి లోపలి రాక్ ఎండ్ (రాక్‌కూ టై రాడ్‌కూ మధ్య కీలు) చూడండి. రాక్ బాడీ మొత్తం జరుగుతుంటే దాన్ని పట్టే రబ్బర్లు పోయినట్టు. మన ఎండలకు అవి త్వరగా గట్టిపడతాయి. పెడల్స్ దగ్గర స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ నుంచి రాక్‌కు దిగే కడ్డీ) జాయింట్ బోల్టు కూడా మరచిపోవద్దు.

టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు పాతది ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. నేనైతే రెండు వైపులా మారుస్తాను. కాటర్ పిన్ (నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చే పిన్) రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించాలి, వదులు చేయకూడదు. పిన్ కొత్తదే వాడండి. చివర్లో వీల్ అలైన్‌మెంట్ (చక్రాల దిశ సరిచేయడం) తప్పనిసరి.

అభ్యాసం: ఈ వారం ఏమీ విప్పొద్దు. స్టీరింగ్ అంచుకు టేపు అంటించి, చక్రం కదలకముందు అది ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతుందో కొలవండి. మారుతి 800కు 30 లోపు ఉంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. మీ బండితో పాటు ఇంకో మూడు పాత బండ్లకూ ఇదే కొలత తీసి, వదులు ఏ కీలు దగ్గర మొదలైందో ఒక్కో బండికీ రాసిపెట్టుకోండి.