వేసవి పాఠాలు – 4: యాసా? లోపమా?

పోయిన పాఠంలో ఒక పిల్లవాడి మాటలు ఫోన్లో రికార్డు చేసి, యాభై వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు తెలుగు లిపిలో రాసుకోమన్నాను. ఫ్యాను ఆపి, టీవీ కట్టేసి, అమ్మానాన్నల అనుమతి తీసుకుని రికార్డు చేయమన్నాను. ఆ కాగితం ఇప్పుడు మీ ముందు ఉండాలి. లేకపోతే ఇక్కడే ఆగి ముందు ఆ పని చూడండి. కాగితం లేకుండా చదివితే ఈ పాఠం బుర్రకెక్కుతుంది గానీ చెవికెక్కదు.

బడుల్లో పనిచేసే స్పీచ్ థెరపిస్టులూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో వాళ్లకు నేర్పే ఐఈఆర్‌పీలూ ఈ వేసవిలో నేర్చుకోవలసిన వాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈరోజు చెప్పబోయేదే. పిల్లవాడి మాటలో మనకు వేరుగా వినిపించినదాంట్లో వాడి ఇంటి యాస ఎంత, వాడి నోటికి అందని శబ్దం ఎంత అన్నది విడదీయడం.

నేను దీన్ని ఆలస్యంగా నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, విశాఖ తీరంలోని ఒక జాలరి పేట నుంచి వచ్చే ఆరేళ్ల పాపకు రెండు నెలలపాటు ‘చేప’ బొమ్మ చూపించి ‘చే... చే...’ అనిపించాను. పాప ‘సేప’ అనేది. ఒకరోజు వాళ్ల నాయనమ్మ తీసుకుపోవడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. “మేవూ సేపనే అంతాం గదమ్మా. మా నోరు కూడా బాగోలేదేటి?” అని అడిగింది. నిజంగానే భయపడి అడిగింది. ఆ పాపకు ‘చ’ సమస్యే లేదు. ఉన్న సమస్య వేరు, దాన్ని నేను రెండు నెలలు పట్టించుకోలేదు.

ఇప్పుడు పని మొదలుపెడదాం. ముందు ‘చ’ సంగతి. మన పాత వ్యాకరణాలు దంత్యం, తాలవ్యం అని రెండు రకాల చకారాలు చెబుతాయి. దంత్యానికి ‘ౘ’ అని వేరే అక్షరం కూడా ఉంది. చదువు, చాప, చుట్టం అనేటప్పుడు నాలుక కొన పై పళ్ల వెనక తగిలి, వెంటనే గాలి ‘స’లా జారుతుంది. ఒకసారి మెల్లగా పలికి చూసుకోండి. ఆ తగలడం పోతే మిగిలేది ‘స’. చెప్పు, చేప, చిలకల్లో నాలుక ఇంకాస్త వెనక్కి, అంగిలి మీద తగులుతుంది. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లలో మాట మొదట్లో ఈ రెండూ ‘స’ అవుతాయి: సదువు, సాప, సెప్పు, సేప, సిలక. కానీ మాట మధ్యలో ‘చ్చ’ అలాగే ఉంటుంది. పచ్చ పచ్చే, మచ్చ మచ్చే. ‘ఒచ్చినాడు’లో కూడా ‘చ్చ’ వినిపిస్తుంది. కాబట్టి పిల్లవాడు ‘సేప’ అంటే కలం పక్కన పెట్టండి. ‘పచ్చ’ను ‘పత్త’ అంటే కలం తీయండి.

‘చేప’ను ‘తేప’ అనే పిల్లలూ ఉంటారు. ఆ ఇంట్లో అందరూ ‘సేప’ అనేవాళ్లయితే పిల్లవాడు అందుకోవలసిన శబ్దం ‘స’, ‘చ’ కాదు. ‘స’ రావలసిన చోట గాలి జారనివ్వకుండా నాలుకతో ఆపేస్తున్నాడు. మన లక్ష్యం ‘సేప’ దగ్గరే మొదలవ్వాలి. బళ్లో చదవడానికీ రాయడానికీ ‘చ’ కావాలి, నిజమే. అది చదువు నేర్పడంలో భాగంగా, రెండో రూపంగా టీచరు నేర్పుతారు. థెరపీ గదిలో ఇంటి మాటను చెరిపేసి నేర్పేది కాదు.

వ, ళ, శ, భ సంగతి త్వరగా చెప్పేస్తాను. వెళ్లు ‘ఎల్లు’ అవుతుంది, కాళ్లు ‘కాల్లు’ అవుతాయి, శనివారం ‘సనివారం’ అవుతుంది, భయం ‘బయం’ అవుతుంది. ఇవి ఈ ప్రాంతానికే కాదు, తెలుగునాట చాలాచోట్ల ఇంటి మాటలో ఉన్నవే. తప్పని గీయకండి.

అసలు బోల్తా కొట్టించేవి ఇంకో రెండున్నాయి. మొదటిది ‘ఉంతాను, అంతాడు, తింతాది’. ట పలకాల్సిన చోట త పలికాడని, నాలుక ముందుకు వస్తోందని రిపోర్టులో రాసేయబుద్ధవుతుంది. తొందరపడకండి. ఇక్కడి యాసలో క్రియల్లో ‘ంట’ బదులు ‘ంత’ మామూలే. తేల్చుకోవడానికి నామవాచకాలు అడగండి: పంట, గంట, వంట, తోట. వీటిని సరిగ్గా పలికితే ‘ఉంతాను’ ఇంటిది. ‘గంత, తోత’ అంటే అది పిల్లవాడిది. రెండోది ‘సూత్తాను, సేత్తాడు, ఒత్తాడు’. ‘స్త’ను ‘త్త’ చేయడం జంటాక్షరాన్ని సులువు చేసుకునే చిన్నపిల్లల పద్ధతిలా కనిపిస్తుంది. ఇదీ ఇంటి మాటే కావచ్చు. అనుమానం వస్తే వాళ్లమ్మ చేత అవే మాటలు అనిపించి వినండి.

ఇప్పుడు ఒక కాగితం కలిసి చూద్దాం. ఆరేళ్ల అబ్బాయి, ఒకటో తరగతి. అబ్బాయి మాటలు ఇవి:

“మా నాన సేపలు తెత్తాడు.”
“తాతి ఎలిపోనాది.”
“తోడి దుడ్డెట్టినాది.”
“నానింటితాడుంతాను.”

పుస్తకం తెలుగు పక్కన పెట్టి గీతలు గీస్తే కాగితమంతా ఎర్రబడుతుంది. ఇంటి తెలుగు పక్కన పెట్టి చూడండి. సేపలు, తెత్తాడు, ఎలిపోనాది, ఎట్టినాది, నాను (నేను), ఉంతాను అన్నీ ఆ ఇంటి మాటలే. మిగిలినవేమిటి? కాకి ‘తాతి’ అయింది. కోడి ‘తోడి’, గుడ్డు ‘దుడ్డు’, ఇంటికాడ ‘ఇంటితాడ’ అయ్యాయి. క, గ పలకడానికి నాలుక వెనక భాగం పైకి లేవాలి. ఈ అబ్బాయి ముందు భాగంతో త, ద చేస్తున్నాడు, అదీ ప్రతిచోటా. క, గలు మూడు నాలుగేళ్లకల్లా కుదురుకోవలసినవి. ఆరేళ్లకూ ఇలా ఉంటే పని చేయాల్సిందే. పది తప్పులనుకున్న చోట ఉన్నది ఒక్కటే, కానీ అది గట్టిది. ముందు వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత కోట–తోట, కల–తల, కాల్లు–తాల్లు జంటలతో మొదలుపెట్టండి. చివరి జంటను ‘కాళ్లు–తాళ్లు’ అని దిద్దలేదు, చూశారా? అబ్బాయి ఇంట్లో వినే రూపంతోనే నేర్పితే, నేర్చుకున్న ‘క’ సాయంత్రం ఇంట్లో కూడా పనికొస్తుంది.

ఇంటి మాట వినాలంటే ఇంటికి వెళ్లాలి. దానికి ఈ రోజులు బాగా కలిసొస్తాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. మామూలు రోజుల్లో వేటకు పోయి కనబడని తండ్రులు ఈ రెండు నెలలూ వలలు బాగుచేసుకుంటూ ఇళ్ల దగ్గరే ఉంటారు. పొద్దున్నే, ఎండ ముదరకముందు వెళ్లండి. పరీక్ష పెట్టడానికి వచ్చినట్టు కూర్చోకండి. వల గురించో, ఏ చేప ఎప్పుడు పడుతుందో అడగండి. పది నిమిషాల్లో మీకు కావలసిన చ, ళ, వ, స్త అన్నీ దొరుకుతాయి. తండ్రి మాటా, నాయనమ్మ మాటా విడివిడిగా రాసుకోండి. బడికి పోయిన అక్క మాట వేరుగా ఉండవచ్చు.

తర్వాత కాగితాన్ని మూడు నిలువు వరసలు చేయండి. మొదటిది పుస్తకంలో మాట, రెండోది ఇంట్లో మాట, మూడోది పిల్లవాడి మాట. రెండు, మూడు వరసలు ఒకటైతే వదిలేయండి. తేడా ఉన్న చోటే గుండ్రం చుట్టండి.

రిపోర్టులో కూడా ఇదే కనిపించాలి. ‘చ, వ, ళ, శ, భ, క, గ ఉచ్చారణ దోషాలు’ అని ఒక్క వరసలో రాయకండి. ‘ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు మాట్లాడతారు, దానితో పోల్చి చూస్తే క, గ స్థానంలో త, ద పలుకుతున్నాడు’ అని రాయండి. ‘వైకల్యం’ అన్న మాట దగ్గర మరీ జాగ్రత్త. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో వాక్, భాషా వైకల్యం ఒకటి. అక్కడ దాని అర్థం స్వరపేటిక తీసివేత, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట దెబ్బతినడం) లాంటి శారీరక, నాడీ కారణాలతో వచ్చే శాశ్వత వైకల్యం. ‘తాతి’ అనే ఈ అబ్బాయి దాని కిందికి రాడు. ‘సేప’ అనే పాప అసలే రాదు. ఒకసారి ఫైల్లో రాసిన మాట టీసీ మారినా పిల్లల వెంటే పోతుంది.

ఈ వారం అభ్యాసం: మీ యాభై వాక్యాల్లో మీరు ఇంతకుముందు తప్పని గీసినవన్నీ లెక్కపెట్టి మూలన రాసుకోండి. ఆ పిల్లవాడి ఇంట్లో కనీసం ఇద్దరు పెద్దల మాట విని, మూడు వరసలూ నింపి మళ్లీ లెక్కపెట్టండి. పంట, గంట, పచ్చ, మచ్చ, కోట, తోట తప్పకుండా అడగండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసి ఉంచండి, వచ్చే పాఠంలో వాటితో పని ఉంది. అందులో పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో చదువుకునే పిల్లల దగ్గరికి వెళ్దాం. వాళ్లలో కొందరి ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు. అక్కడ రెండో వరసలో తెలుగే ఉండదు.