ఇసుకలో ఖాళీ ఎంత? ఇంట్లోనే కొలవండి

మాది కోనసీమ. 15 ఏళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. సముద్రం అడుగు నుంచి తీసిన కోర్లు, అంటే స్తంభాల్లా కోసిన రాతి ముక్కలు, పరీక్షించడం నా పని. "పిన్నీ, గ్యాస్ రాయిలో ఎక్కడుంటుంది? లోపల గుహలుంటాయా?" అని తొమ్మిదో తరగతి చదివే మా అక్క కొడుకు అడిగాడు. గుహలేమీ ఉండవు, గింజల మధ్య సందులే ఉంటాయి. అది నోటితో చెబితే నమ్మడని వాణ్ణి బెసంట్ నగర్ బీచ్‌కి తీసుకెళ్లాను.

అలలు తగలని చోట రెండు గ్లాసుల ఇసుక తీసుకుంటే చాలు. నల్లటి చారలున్న చోట మాత్రం తీయొద్దు. అక్కడ ఇల్మెనైట్ లాంటి బరువైన ఖనిజాల సన్న గింజలు పేరుకుని ఉంటాయి. గవ్వముక్కలు ఏరేసి, ఉప్పు, మట్టి పోయేదాకా మంచినీళ్లతో నాలుగైదు సార్లు కడగండి. డాబా మీద ఒక పూట ఎండబెడితే చాలు. వానాకాలమైతే మూకుడులో సన్న సెగ మీద వేయించి చల్లార్చండి. ఎండబెట్టడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మట్టి ఎక్కువున్న ఒక కోర్ ముక్కను మరీ ఎక్కువ వేడిలో ఆరబెట్టాను. మట్టి గింజలు పట్టి ఉంచుకున్న నీరు కూడా పోయి, పోరాసిటీ, అంటే మొత్తంలో ఖాళీ ఎంత శాతమో ఆ లెక్క, ఉన్నదానికంటే ఎక్కువ కనిపించింది. ఆ ముక్క మళ్లీ మామూలు స్థితికి రాలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు 250 మి.లీ. మెజరింగ్ సిలిండర్లు రెండు కావాలి. ఒకదాంట్లో పొడి ఇసుక పోసి, మెల్లగా తట్టి, సరిగ్గా 100 మి.లీ.కి తెండి. రెండోదాంట్లో 100 మి.లీ. నీళ్లు పోయండి. ఇసుకని నీళ్లలో పోయాలి, నీళ్లని ఇసుక మీద కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. పైనుంచి నీళ్లు పోస్తే గాలి లోపలే చిక్కుకుపోతుంది. ఇసుక పోశాక సన్న పుల్లతో కలిపి బుడగలు పోనిచ్చి, పుల్ల తీసేసి, నీటిమట్టం చూడండి.

రెండు వందలు కలిస్తే 200 రావాలి కదా? మావాడికి 162 వచ్చింది. తగ్గిన 38 మి.లీ. ఆ సందుల్లోకి పోయిన నీరే. అంటే మా ఇసుక పోరాసిటీ 38 శాతం. వాడు నమ్మలేక మూడుసార్లు చేశాడు. మీరూ మూడుసార్లు చేసి సగటు తీసుకోండి.

గింజ పెద్దదైతే ఖాళీ పెరుగుతుందనుకుంటాం. అన్నీ ఒకే సైజు గుండ్లయితే, అవి గోళీలైనా ఆవాలైనా, వరసగా పేర్చిన తీరును బట్టి ఖాళీ సుమారు 26 నుంచి 48 శాతం మధ్యే ఉంటుంది. సైజులు కలిసినప్పుడే తగ్గుతుంది. బఠానీల డబ్బాలో ఆవాలు పోసి చూడండి, డబ్బా నిండినట్టే ఉన్నా ఎన్ని పడతాయో! భూమి లోతుల్లో దీనికి పై పొరల బరువు, గింజల మధ్య గట్టిపడే సిలికా, కాల్సైట్ తోడవుతాయి. అందుకే గ్యాస్ ఇచ్చే ఇసుకరాళ్లలో చాలావాటికి పోరాసిటీ 10 నుంచి 25 శాతం దాకా ఉంటుంది.

అసలు సంగతి ఆ తర్వాతి పరీక్షలో ఉంది. రెండు ప్లాస్టిక్ బాటిళ్ల అడుగులు కోసి, మూతులకు పల్చటి గుడ్డ కట్టి, తలకిందులుగా పెట్టండి. ఒకదాంట్లో ఇసుక వేయండి. రెండోదాంట్లో వినాయకచవితి బంకమన్ను తడిపి, అంచుల్లో సందు లేకుండా నాలుగు వేళ్ల మందాన అదమండి. రెండింట్లో కప్పు నీళ్లు పోసి టైం చూడండి. ఇసుకలోంచి చూస్తుండగానే దిగిపోతాయి. మన్ను మీద మాత్రం తెల్లారేదాకా నిలిచే ఉన్నాయి. నిజానికి సముద్రం అడుగున కొత్తగా పేరుకున్న బురదలో ఇసుకలో కంటే ఖాళీ ఎక్కువ, 70 శాతం దాటుతుంది. కానీ ఆ సందులు మరీ సన్నం, నీరు కదలదు. అందుకే గ్యాస్ ఇసుకరాయిలో నిలిస్తే, పైనున్న మట్టిరాయి దానికి మూతలా పనిచేస్తుంది.

మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2006లో తవ్వినప్పుడు, మీథేన్‌ని మంచులా బంధించిన గ్యాస్ హైడ్రేట్ ఒకచోట మట్టి పగుళ్లలో దాదాపు 130 మీటర్ల మందాన దొరికింది. 2015లో మళ్లీ వెళ్లి ఇసుక పొరల్లో వెతికారు. ఎందుకో మీ రెండు బాటిళ్లే చెబుతాయి.

పని అయ్యాక ఇసుక సింకులో పోయకండి, పైపు పూడుకుపోతుంది. ఆరబెట్టి, మళ్లీ బీచ్‌లోనే వేసి రండి.