1922 నాటి కథకు చెక్క తుపాకీ ఎలా చేయాలి?

మా పాలకొల్లు వైపు అల్లూరి సీతారామరాజు మీద షార్ట్ ఫిల్మ్ అనగానే కుర్రాళ్ళు ముందు గుర్రం వెతుకుతారు. తుపాకీ సంగతి షూటింగ్ తెల్లారితే అనగా గుర్తొస్తుంది. అప్పుడు బొమ్మల కొట్టుకు పరుగెత్తి ప్లాస్టిక్ ఏకే-47 తెచ్చి నల్ల రంగు కొట్టేస్తారు. పేరులోనే 47 ఉంది, కథేమో 1922ది!

1. ముందు సంవత్సరం తేల్చుకోండి. చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది 1922 ఆగస్టు 22న. స్టెన్ గన్ వచ్చింది 1941లో, కాబట్టి అదీ కుదరదు. ఆనాటి సైనికుడి చేతికి లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఇవ్వండి. మనవాళ్ళ నోట త్రీనాట్‌త్రీ అంటే అదే. దొర వేషానికి రివాల్వర్ చేయనక్కర్లేదు. మూత ఉన్న తోలు ఒర కుట్టించి లోపల చెక్కముక్క కుక్కితే చాలు.

2. వడ్రంగికి పక్కనుంచి తీసిన ఫొటో ఇచ్చి, పొడవు 113 సెంటీమీటర్లని చెప్పండి. మామిడి చెక్క సరిపోతుంది, టేకు దండగ. ఈ రైఫిల్‌లో చెక్క మూతి దాకా వస్తుంది, గొట్టం బయటికి కనపడదు. అందుకే పైపు జోలికి వెళ్ళకండి, చివర గుండ్రటి కర్రముక్క అతికించండి. అసలుది దాదాపు 4 కిలోలు. చెక్కది తేలిక కావడంతో నటుడు దాన్ని కొబ్బరిమట్టలా ఊపేస్తాడు. తుపాకీ మడమలో, అంటే భుజానికి ఆనించే వెనుక భాగంలో, రంధ్రం చేసి ఇనుప ఊచ ముక్కలు బిగిస్తే చేతులు వాటంతటవే కిందికి లాగుతాయి.

3. అసలు కిటుకు బోల్టులో, అంటే తూటాను గొట్టంలోకి తోసే గడియలో ఉంది. హార్డ్‌వేర్ షాపులో తలుపుకు వేసే ఇనుప గడియ కొనండి. పిడి పైకి తిప్పాలి, వెనక్కి లాగాలి, ముందుకు తోయాలి, కిందికి దించాలి. ఈ రైఫిల్ నడిచేదీ అలాగే. గడియను కుడివైపు, ట్రిగ్గర్‌కు కాస్త పైన బిగించి, ప్రతి తూటాకూ ఈ నాలుగు కదలికలూ నటుడి చేత చేయించండి. మ్యాగజైన్‌లో పట్టేవి 10 తూటాలే. పదకొండోసారి పేల్చేలోపు తూటాలు నింపుకోవడానికి హీరో ఏ చెట్టు చాటుకో చేరాలి. టెన్షన్ పుట్టేది అక్కడే!

4. చెక్కకు అవిసె నూనె పట్టించండి. ఇనుములా కనిపించాల్సిన చోట మెరుపులేని నల్ల రంగు వేసి, ఆరాక అంచుల మీద పెన్సిల్ పొడి రుద్దండి.

5. పొగ, చప్పుడు ఎడిటింగ్‌లో కలుపుకోండి. టపాసులు మాత్రం వద్దు, ముఖం దగ్గర పేలితే కళ్ళు పోతాయి.

6. షూటింగ్‌కు ముందు స్థానిక స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పండి. తీసుకెళ్ళేటప్పుడు గోనెసంచిలో పెట్టి మూతి కట్టండి. మేము ఒకసారి తువ్వాలు చుట్టి నరసాపురం రేవులో పంటు ఎక్కాం. నది మధ్యలో తువ్వాలు జారింది. ఒకావిడ కెవ్వున అరిచింది, జనమంతా ఓ పక్కకు జరిగారు. మా మాట ఎవరూ నమ్మలేదు. చివరికో పెద్దాయన దగ్గరికొచ్చి, వంగి బోల్టు చూసి, “ఇది మా దొడ్డి తలుపు గడియలా ఉందేంట్రా” అన్నాకే అందరూ మళ్ళీ ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు.